సీలో అరే సున్నా నుంచే ఎందుకు?

ఈ ఎపిసోడ్ అరకు నుంచి. అందుకే ఎగ్జాంపుల్ కూడా ఇక్కడి రైల్వే లైనే. బైలదిలా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దించడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైన్. చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. మీరు చిమిడిపల్లిలో ఉన్నారు. అరకు ఎన్ని స్టేషన్లు ముందుకి? నాలుగు. మరి చిమిడిపల్లి? సున్నా. సీలో ఇండెక్స్ అంటే అదే, మొదటి గడి నుంచి ఎన్ని గడులు ముందుకి అని. (స్టేషన్ల మధ్య దూరాలు వేరువేరు, అరేలో గడులన్నీ ఒకే సైజు. అంతే తేడా.)

1957 నాటి ఫోర్ట్రాన్‌లో లెక్క ఒకటి నుంచి. సీకి ముందున్న భాష బీ. కెన్ థాంప్సన్ చేసిన ఆ భాషలో అరే పేరుకి విడిగా ఒక గడి ఉండేది, అందులో అరే మొదలయ్యే అడ్రస్ ఉండేది. బెల్ ల్యాబ్స్‌లోనే డెనిస్ రిచీ దానికి స్ట్రక్చర్లు కలపబోతే చిక్కొచ్చింది. అప్పటి యూనిక్స్ డైరెక్టరీలో ఒక్కో ఎంట్రీ అంటే ఒక నంబరు, 14 అక్షరాల పేరు. డిస్క్ మీద ఉన్నది అంతే. మరి అడ్రస్ గడి ఎక్కడ పెట్టాలి? రిచీ ఆ గడినే తీసేశాడు. అరే పేరు వాడగానే మొదటి గడి అడ్రస్ అప్పటికప్పుడు వస్తుంది, దానికి ఇండెక్స్ కలుపుతారు. నాకైతే సీ మొత్తంలో ఇదే అందమైన ఐడియా.

కానీ గడులు ఎన్నున్నాయో ఎక్కడా రాసి ఉండదు. అరకు దాటి ఐదో స్టేషన్ అడిగినా సీ ఆపదు, పక్క మెమరీలో ఏదుంటే అది ఇస్తుంది. 1988లో ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వార్మ్ వాడిన దారుల్లో ఒకటి ఇదే: 512 బైట్ల అరేలోకి అంతకంటే ఎక్కువ డేటా పంపడం.

సరే, ఎడిటర్ ఓపెన్ చేయండి. ఐదు స్టేషన్లకి ఫర్ లూప్ రాద్దాం, కండిషన్‌లో "ఐదు కంటే తక్కువ" అనే పెట్టండి.