ఉత్తరమేరూరు శాసనములు - పదవీకాల నియమము

ఎన్నుకొనబడినవారు ఎంతకాలము పదవియందుండవచ్చునను విషయమున రెండు వాదములు కలవు. ఒకేచేత చిరకాలము నిలిచిన అధికారము స్వార్థమునకు దారితీయునని ఒక వాదము. తఱచుగా మార్చినచో అనుభవము వ్యర్థమగునని మఱియొకటి. ఈ రెండింటిని సమన్వయింపజూచిన ప్రాచీన నిబంధన యొకటి చోళదేశమున కానవచ్చుచున్నది.

నేటి తమిళనాడునందలి ఉత్తరమేరూరున, వైకుంఠ పెరుమాళ్ ఆలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు రెండు గలవు. అవి క్రీ.శ. 919, 921 సంవత్సరములనాటివి. రెండవది మిక్కిలి వివరమైనది. దానినిబట్టి గ్రామము 30 కుడుంబులుగా, అనగా విభాగములుగా, ఏర్పడియుండెను. ప్రతి కుడుంబునందలి అర్హుల పేర్లను ఓలలపై వ్రాసి కుండలో వేసి, ఏమియు నెఱుగని బాలునిచే తీయించెడివారు. ఇట్లు వచ్చిన 30 మందిలో 12 మంది సంవత్సర వారియమునకును, 12 మంది తోట వారియమునకును, ఆరుగురు చెఱువు వారియమునకును నియుక్తులగుచుండిరి. వారియమనగా కార్యనిర్వాహక సంఘము. పదవీకాలము 360 దినములు.

గడచిన మూడేండ్లలో ఏ వారియమునందైనను పనిచేసినవాని పేరు కుండలో వేయరాదు. పదవియందుండి లెక్కలు చూపనివానికే కాక, వాని తండ్రికి, కొడుకునకు, అల్లునకు, మామకు, బావమఱదికి సైతము అర్హత లేదు. కాలపరిమితి యొక్కటియే చాలదనియు, తాను తొలగి బంధువును నిలిపినచో నియమము నిష్ఫలమగుననియు సభవారు గ్రహించిరని దీనివలన ఊహింపవచ్చును.

ఇక అనుభవము మాట. సంవత్సర వారియమునకు, పూర్వము తోట, చెఱువు వారియములలో పనిచేసినవారిని, విద్యావృద్ధులను, వయోవృద్ధులను తీసికొనవలెనని శాసనము విధించినది. మూడేండ్ల విరామము శాశ్వత బహిష్కారము కాదు. అనుభవజ్ఞుడు మరల రావచ్చును. 1951లో అమలులోనికి వచ్చిన అమెరికా రాజ్యాంగపు 22వ సవరణ ఇందుకు భిన్నము. అధ్యక్షపదవికి రెండుమారులు ఎన్నికైనవాడు మూడవమారు ఎన్నిక కానేరడు.

అయినను దీనిని నేటి ప్రజాస్వామ్యముతో సమానముగా నెంచుట పొరపాటు. ఇది బ్రాహ్మణ అగ్రహారపు సభ. పన్ను చెల్లించు భూమి, సొంత స్థలమున గృహము, వేదజ్ఞానము, 35 మొదలు 70 ఏండ్లలోపు వయస్సు అర్హతలుగా నుండెను. కడపటి నిర్ణయము ఓటుది కాదు, చీటిది. ఈ పరిమితులను మఱువక చూచినను ఒక విషయము స్పష్టము: ఆ సభ పదవీకాలమును లెక్కల తనిఖీతోను, అనుభవక్రమముతోను ముడివేసినది. ఆ ముడి లేనిచో కాలపరిమితి వ్యక్తులను మార్చునేకాని అధికారమును అదుపుచేయజాలదు.