అక్షరం రానివారిని నడిపించిన వాక్యం

దేవుని వాక్యం మన అనుదిన జీవితాన్ని నడిపించాలని మనం తరచుగా వింటాము, ఇతరులకు చెబుతాము కూడా. అయితే వాక్యం నడిపించడమంటే ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఈ దినం మన ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్రలోనికి వెళ్దాం. మీ యొద్ద బైబిలు ఉంటే మొదటి కొరింథీ పత్రిక 1వ అధ్యాయం 26 నుండి 29 వచనాలు తెరచి ఉంచుకోండి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు 1865లో మన దేశానికి వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. మన పెద్దలు ఆయనను క్లౌ దొర అని పిలుచుకున్నారు. ఆ రోజుల్లోనే తలకొండపాడు నుండి ఎర్రగుంట్ల పేరయ్య అనే సహోదరుడు ప్రభువును నమ్ముకున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు, పండితుడు కాడు. కాని తాను విన్నది తన బంధువులకు చెప్పకుండా ఉండలేకపోయాడు. 1867 జనవరిలో క్లౌ దొర ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న ఆ గ్రామానికి వెళ్లేసరికి ఒక గుంపు సిద్ధంగా కనిపెట్టుకొని ఉంది. వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు.

ఇక్కడే సమస్య వచ్చింది. ఒంగోలు పట్టణంలోని అగ్రకులాలవారు తమ పిల్లలను మిషను బడికి పంపుతున్నారు, సువార్త వినడానికి కూడా వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామని వారు స్పష్టం చేశారు. మనుష్యుల లెక్క ప్రకారం చూస్తే పెద్దలను పట్టుకోవడమే తెలివైన పని. పలుకుబడి గలవారు వస్తే మిగిలినవారు వారి వెంట రారా?

కలత చెందిన క్లౌ దొర ఏకాంతంగా వెళ్లి ఒక బైబిలు చేతికి తీసుకున్నారు. అది ఇందాక మీరు తెరచి ఉంచిన వచనాల దగ్గరే తెరుచుకుంది. జ్ఞానులను, బలవంతులను, గొప్ప వంశస్థులను కాక లోకం నీచముగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు అక్కడ చెబుతున్నాడు. అదే సమయంలో ఆయన భార్య హారియట్ అమ్మగారు వేరే గదిలో బైబిలు తెరచి అదే భాగం చదివారు. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. ఆ పేదవారితోనే సంఘ నిర్మాణం మొదలుపెట్టడం దేవుని చిత్తమని వారు గ్రహించారు.

ప్రియులారా, ఈ సంఘటన విని కళ్లు మూసుకొని బైబిలు తెరచి శకునం చూసినట్టు వేలు పెట్టడం మొదలుపెట్టకండి. ఆ పేజీ తెరుచుకోవడం గొప్ప కాదు. అక్కడ చదివినదానికి లోబడటం గొప్ప. లోబడినందుకు వారు పట్టణంలోని పెద్దల స్నేహాన్ని పోగొట్టుకున్నారు.

ఇప్పుడు ఆ నూతన విశ్వాసుల సంగతి చూద్దాం. వారిలో అనేకులకు అక్షరం రాదు, బైబిలు చదవలేరు. మరి వాక్యం వారిని ఎలా నడిపించింది? బోధకులు పల్లె పల్లెకూ తిరిగి వచనాలు నోటితో చెప్పేవారు, వీరు కంఠస్థం చేసేవారు. ఆ బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి తామూ నేర్చుకొని తిరిగి పల్లెలకు వెళ్లేవారు. ఆ సంఘాల్లో మూడు నియమాలు స్థిరపడ్డాయి. ఆదివారం పనిచేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మ్రొక్కకూడదు.

వినడానికి ఇవి చిన్న మాటలే. వాటి వెల ఎంతో ఆలోచించండి. చచ్చిన పశువు మీద హక్కు ఆనాటి పల్లెలో మాదిగవారి జీతంలో ఒక భాగం. ఆ తోలుతోనే వారు రైతుకు చెప్పులు, బావి మోటకు తొండాలు కుట్టేవారు, ఆ మాంసంతోనే ఆకలి తీర్చుకునేవారు. ఆదివారం పని మానితే కోతల కాలంలో ఆసామికి కోపం వస్తుంది. విగ్రహాలకు మ్రొక్కనన్నవాడు గ్రామదేవత జాతరలో డప్పు కొట్టలేడు. డప్పు కొట్టనంటే ఊరంతా ఎదురు తిరుగుతుంది. అలాగే జరిగింది. కొన్నిచోట్ల నీళ్లు ముట్టుకోనివ్వలేదు, కొన్నిచోట్ల పని ఇవ్వలేదు, కొట్టారు కూడా. ఆ చదువురాని విశ్వాసులకు వాక్యం ఆరాధనలో వినే మాట మాత్రమే కాదు. వారు ఏమి తింటారో, ఏ రోజు పనికి వెళ్తారో, ఎవరి ముందు వంగుతారో అదే నిర్ణయించింది.

తరువాత 1876 నుండి 1878 వరకు భయంకరమైన కరవు వచ్చింది. పనిలేక చనిపోతున్నవారికి కూలి దొరకాలని క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమంది అక్కడికి వచ్చారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. తట్టలు మోసి అలసి కూర్చున్నవారికి వారు మత్తయి సువార్త 11:28ని పదే పదే వినిపించేవారు. ప్రయాసపడి భారం మోసేవారికి విశ్రాంతినిస్తానని ప్రభువు పిలిచిన పిలుపు అది. మట్టితట్ట దింపి కూర్చున్న మనిషికి ఆ వచనం వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమైంది.

అయినా కూడు కోసం క్రీస్తును ఒప్పుకున్నారనే మాట రాకూడదని, 1877 మార్చి నుండి పదిహేను నెలలపాటు క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ నిధులు అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. మేము డబ్బు అడగడానికి రాలేదు, బాప్తిస్మం ఇవ్వండి అని పట్టుబట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు మన తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు.

ఈ 2222 అనే సంఖ్యను మనం వార్షికోత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటాము. కాని ఆ సంఖ్య వెనుక కొరింథీ పత్రికలోని ఆ నాలుగు వచనాలున్నాయి. ఆనాడు ఆ దంపతులు వాటిని చదివి పక్కన పెట్టి ఉంటే గుండ్లకమ్మ ఒడ్డున ఆ దినం ఉండేది కాదు.

సహోదరీ సహోదరులారా, నేడు మనకు చదువు వచ్చింది. ఇంట్లో నాలుగు బైబిళ్లున్నాయి, గోడమీద వాక్యపు క్యాలెండరుంది. కాని పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మన నోట వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? రక్షణ పొందారా అనా, ఏ కులం అనా? సంఘ పెద్దలను ఎన్నుకునేటప్పుడు అపొస్తలుడు చెప్పిన లక్షణాలు చూస్తున్నామా, మనవాడా కాడా అని చూస్తున్నామా? నీచముగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న వచనం మీద కట్టబడిన సంఘంలో మళ్లీ ఎక్కువ తక్కువలు లెక్కిస్తే, మన పునాదిని మనమే తవ్వుకుంటున్నాము.

ఈ వారం ఒక్క పని చేయండి. ఆ నాలుగు వచనాలు కుటుంబ ప్రార్థనలో చదవండి. చదివాక, దీనికి లోబడితే మన ఇంట్లో ఏది మారాలి అని ఒకరినొకరు అడగండి. జవాబు తెలిసిన తరువాత సోమవారం ఉదయం దాని ప్రకారం చేయండి.

ప్రార్థించుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, అక్షరం రాని మా పితరులు విని లోబడ్డారు. చదవడం వచ్చిన మాకు లోబడే మనస్సు దయచేయండి. మా భోజనబల్ల దగ్గర, మా పనిలో, మా సంబంధ బాంధవ్యాలలో మీ వాక్యమే మమ్మును నడిపించును గాక. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.