‘ది హూ’ బృందం: విధ్వంసం నుంచి కథకు

కళారూపం ఎదిగినంతలో కళాకారుని సామాజిక దృష్టి కూడా ఎదుగుతుందా? ఇంగ్లండుకు చెందిన ‘ది హూ’ అనే రాక్ బృందం చరిత్ర ఈ ప్రశ్నను మనముందు సూటిగా నిలబెడుతుంది.

1964లో లండన్ శివారు హారోలోని ఒక మద్యశాలలో పీట్ టౌన్‌షెండ్ గిటారు పైకప్పుకు తగిలి చీలింది. అతడు దానిని అక్కడే ముక్కలు చేశాడు. క్రమంగా అది ప్రదర్శనలో భాగమైపోయింది. టౌన్‌షెండ్ ఈలింగ్ కళాశాలలో గుస్తావ్ మెట్జ్‌గర్ భావాల ప్రభావానికి లోనైనవాడు. నాజీ జర్మనీనుంచి 1939లో శరణార్థిగా వచ్చిన మెట్జ్‌గర్, అణ్వస్త్రాలనూ కళావ్యాపారాన్నీ నిరసిస్తూ, తనను తానే ధ్వంసం చేసుకునే కళను 1959లో ప్రతిపాదించాడు. మెట్జ్‌గర్‌కు అది నిరసన. ‘ది హూ’ వేదికపై అది టిక్కెట్టు కొన్నవారు ఎదురుచూచే అంకం. 1967 జూన్‌లో మాంటెరే ఉత్సవం చూచినది ఈ అంకాన్నే.

అయితే విరగ్గొట్టడంతో ఎంతకాలం కథ నడుస్తుంది? 1966లోనే తొమ్మిది నిమిషాల కథాగేయమొకటి కూర్చిన ఈ బృందం, 1969 మేలో ‘టామీ’ని వెలువరించింది. యుద్ధంనుంచి తిరిగివచ్చిన తండ్రి హత్య చేయగా చూచిన పసివాడు అందులో నాయకుడు. నీవు చూడలేదు, వినలేదు, ఎవరికీ చెప్పరాదని పెద్దలు శాసించగా, చూపూ వినికిడీ మాటా మూడూ కోల్పోతాడు. పిన్‌బాల్ ఆటలో మేటియై, తరువాత ప్రవక్తయై, చివరకు అనుచరుల తిరుగుబాటుకు గురి అవుతాడు. వస్తువుతోపాటు ధ్వనీ మారింది. ఉరుముల వంటి డ్రమ్ముల నడుమ అకౌస్టిక్ గిటారు, ఎంట్విసిల్ ఊదిన ఫ్రెంచ్ హార్న్ వినిపించాయి. ఒక పాటలోని స్వరాలు మరొక పాటలో మళ్లీ తలయెత్తి కథను కలిపాయి.

ఈ సంగీతంతోనే వారు వుడ్‌స్టాక్ ఉత్సవానికి వచ్చారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్ పొలాలలో నాలుగు లక్షలకు పైగా జనం. ఆగస్టు 17 తెల్లవారుజామున ‘టామీ’ నడుస్తూండగా, ఆబీ హాఫ్‌మన్ అనే ఉద్యమకారుడు మైకు అందుకున్నాడు. రెండు గంజాయి సిగరెట్లకు పదేళ్ల శిక్ష పడిన జాన్ సింక్లెయిర్‌ను గురించి మాట్లాడబోయాడు. టౌన్‌షెండ్ అతడిని వేదికమీదనుంచి తరిమివేశాడు.

సాగుతున్న ప్రదర్శనను కాపాడుకొనే హక్కు కళాకారునికి లేదనలేం. కాని నోరు నొక్కివేయబడిన బిడ్డ కథను గానం చేస్తున్న వేదికమీదనే, ఖైదీ పక్షాన లేచిన నోరు మూతబడింది. రూపం ఎదిగింది, సందేహం లేదు. ఆ కథ తన చుట్టూ ఉన్న లోకానిది కూడానని ఆ క్షణాన కళాకారుడు గుర్తించలేదు. సూర్యుడు మాత్రం చివరి పాట వేళకు ఉదయించాడు.