టాల్‌స్టాయ్ విడిది పేరున్న రాయి

1901లో జబ్బుపడిన టాల్‌స్టాయ్‌ని గాలిమార్పు కోసం క్రిమియా తీసుకెళ్లారు. నల్లసముద్రం ఒడ్డున, యాల్టా దగ్గర గాస్‌ప్రా అనే ఊళ్లో విడిది. చెహోవ్, గోర్కీ అక్కడికే వెళ్లి ఆయన్ని పలకరించి వచ్చేవారు. పదిహేనేళ్ల తర్వాత, అదే తీరంలోని సిమెయిజ్ వేధశాలలో గ్రిగొరీ నెయుయ్మిన్ ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. తేదీ 1916 జులై 30. వరసలో 951వది. పేరు కోసం పురాణాలు తిరగేయకుండా పొరుగూరి పేరే పెట్టేశాడు.

ఆ పైన డెబ్బై అయిదేళ్లు గాస్‌ప్రా ఒట్టి చుక్కే. కుజుడికీ గురుడికీ నడుమ ఉన్న శకలాల పట్టీలో, లోపలి అంచున ఇలాంటి రాళ్లు వేలకు వేలు. వాటిలో దీనికే యోగం పట్టింది, గురుగ్రహానికి బయల్దేరిన గెలీలియో నౌక దారికి దగ్గరగా ఉండటం వల్ల.

అయితే ఆ నౌక అప్పటికే చిక్కుల్లో ఉంది. 1991 ఏప్రిల్‌లో దాని పెద్ద యాంటెన్నా విప్పబోతే, పాత గొడుగులో ఊచల్లా కొన్ని కడ్డీలు బిగుసుకుపోయాయి. అంతకుముందు, ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదంతో దాని ప్రయోగం ఏళ్ల తరబడి వాయిదా పడింది. ఈలోగా నౌకను కాలిఫోర్నియాకూ ఫ్లోరిడాకూ మధ్య లారీల మీద తిప్పారు. ఆ కుదుపులకు కడ్డీల మీది కందెన అరిగిపోయి ఉంటుందని ఇంజినీర్ల అంచనా. గురుడి దాకా పోవాల్సిన యంత్రానికి దెబ్బ తగిలింది రోడ్డు మీద!

అక్టోబర్ 29న గెలీలియో సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో, 1,600 కిలోమీటర్ల దూరం నుంచి గాస్‌ప్రాను దాటిపోయింది. ఫొటోలు టేపులోకి ఎక్కాయి. కిందికి రావడమే కష్టం. చిన్న యాంటెన్నా సెకనుకు 40 బిట్లకు మించి పంపలేదు. నవంబర్‌లో తొలి బొమ్మ రాబట్టారు. మిగతావాటిలో చాలా వాటి కోసం, నౌక తిరిగి భూమిని సమీపించే 1992 చివరిదాకా కాచుకు కూచున్నారు.

మనిషి దగ్గర్నుంచి చూసిన మొట్టమొదటి గ్రహశకలం అదే. పొడవు 18 కిలోమీటర్లు. నా కంటికైతే అక్కడక్కడా చెక్కేసిన చిలగడదుంపలా ఉంటుంది. ఏడు గంటలకో చుట్టు తిరుగుతుంది. ఒంటినిండా చిన్న గుంటలే, పెద్దవి తక్కువ. పెద్ద దెబ్బలు తినేంత కాలం గడవలేదన్నమాట. ఏదో పెద్ద శకలం పగిలినప్పుడు ఊడిన ముక్క ఇది. గుంటల్ని లెక్కగట్టి, పైభాగం వయసు 20 కోట్ల ఏళ్లన్నారు. సౌరకుటుంబంలో అది పసితనమే.

గాస్‌ప్రా ఆరోగ్యం కోసం వెళ్లే ఊరు కదా, ఆ గుంటలకూ అలాంటి ఊళ్ల పేర్లే పెట్టారు: ఇంగ్లండులోని బాత్, జర్మనీలోని బాడెన్‌బాడెన్, జపాన్‌లోని బెప్పు. మన దేశం నుంచి ఒకటుంది. హిమాచల్‌ప్రదేశ్‌లో పార్వతి నది ఒడ్డున, వేడినీటి ఊటల్లో అన్నం వండుకునే మణికరణ్.