ఇసుక కోటలు: కట్టుట నేర్పిన పుస్తకములు, కారణము చెప్పిన శాస్త్రము

తెలుగునాట ఏటియొడ్డున పెరిగిన పిల్లలకు పిచ్చుకగూడు కట్టుట ఎవరును పుస్తకము చూచి నేర్పలేదు. పాదమును తడి ఇసుకలో ఉంచి, దానిపై మరికొంత తడి ఇసుక కప్పి, అరచేతితో మెల్లగా తట్టి, పాదమును నెమ్మదిగా వెనుకకు లాగినచో గూడు నిలుచును. ఎండిన ఇసుకతో కట్టినచో నిలువదు. నీటిలో మునిగియున్న ఇసుకతో కట్టినను నిలువదు. ఈ రెండింటికి నడుమనున్న ఇసుకను ఏరుకొనుట పిల్లలకు ఆటలోనే అలవడును. అక్కనుండి చెల్లెలికి, అన్ననుండి తమ్మునికి వచ్చు విద్య ఇది.

ఇటువంటి విద్యయే పాశ్చాత్య దేశములలో ఇరువదవ శతాబ్ది చివరి భాగమున పుస్తకముల కెక్కినది. ఆ పుస్తకములు చెప్పిన సూత్రములు సరియైనవే. కాని అవి ఎందువలన సరియైనవో పూర్తిగా చెప్పుటకు శాస్త్రమునకు 200 ఏండ్లకు పైగా పట్టెను. ఆ కథ ఆసక్తికరమైనది. ప్రాణరక్షణకు ఉపకరించునది కూడ.

ఇసుకకుప్ప బడికి వచ్చిన విధము

ఇసుకతో ఆడుట కాలక్షేపము మాత్రమే కాదని, అది చదువులో ఒక భాగమని తలచినవారు జర్మన్ విద్యావేత్తలు. ఫ్రోబెల్ పండితుడు 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను ఊరిలో చిన్నపిల్లలకు ఆటలద్వారా చదువు నేర్పు సంస్థను స్థాపించెను. దానికే 1840లో కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. ఆ భావములు వ్యాపించిన కొలదియు బెర్లిన్ నగరపు ఉద్యానములలో పిల్లలకొరకు ఇసుకకుప్పలు పోయుట ఆచారమయ్యెను. బెర్లిన్‌లో పుట్టి, అమెరికాలోని బోస్టన్ నగరమున వైద్యురాలిగా స్థిరపడిన మేరీ జక్ర్‌జెవ్‌స్కా ఈ ఇసుకకుప్పలను గూర్చి అక్కడివారికి తెలియజేసెను. దాని ఫలితముగా 1885లో బోస్టన్‌లో బీదపిల్లలకై ఒక ఇసుకతోట వెలసెను. అమెరికాలోని ఆటస్థలముల ఉద్యమమునకు ఇదియే ఆరంభమని చెప్పుదురు.

ఇదే కాలమున ఐరోపాలో రైలుమార్గములు పట్టణవాసులను సముద్రతీరమునకు చేరువ చేసెను. సెలవుదినములలో కుటుంబములు తీరమునకు వచ్చుటయు, పిల్లల చేతికి చిన్న బాల్చీ, పార ఇచ్చుటయు పరిపాటి అయ్యెను. బాల్చీ నిండ తడి ఇసుక కూరి బోర్లించినచో బురుజు లేచును. నాలుగు బురుజులు, నడుమ గోడ, చుట్టును కందకము కలిస్తే కోట.

పుస్తకముల సూత్రములు

1970 తరువాత అమెరికాలో ఇసుకశిల్పము పోటీలకు ఎక్కిన కళ అయినది. దానితోపాటు నేర్పు పుస్తకములును వచ్చెను. జోసెఫ్ ఆలెన్ పుస్తకము 1981లోను, టెడ్ సీబర్ట్ రచన 1990లోను వెలువడెను. టెక్సాస్ తీరమునందలి సౌత్ పాడ్రే దీవికి చెందిన లూసిండా వీరెంగా, మెట్టు మెట్టుగా కోట కట్టు విధమును వివరించుచు వ్రాసిన పుస్తకము 2009 నాటిది.

ఇట్టి పుస్తకముల బోధను నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది: నీరు ధారాళముగా వాడవలెను. ఇందుకై తీరమున చెలమ తీసి, నీరు ఊరినంతవరకు త్రవ్వి, ఆ నీటితో కూడిన ఇసుకనే దోసిళ్ళతో ఎత్తవలెను. రెండవది: ఆ ఇసుకను రొట్టెవలె పరచి, అరచేతులతో అదురునట్లు కదలించి, ఒకదానిపై నొకటి పేర్చవలెను, లేదా అడుగులేని బాల్చీలో పోసి దిమ్మిస వేసినట్లు కూరవలెను. మూడవది: అడుగు వెడల్పుగా ఉండవలెను. నాలుగవది: చెక్కుట పైనుండి క్రిందికి సాగవలెను, పని జరుగునంతసేపు నీరు చిలుకరించుచుండవలెను. చెక్కుట పైనుండి మొదలిడుటకు కారణము తేలికయే: రాలిన ఇసుక పూర్తయిన పనిపై పడినను దులిపివేయవచ్చును. తక్కిన మూడింటికి కారణము చెప్పవలసినది భౌతికశాస్త్రము.

నీరు రేణువులను పట్టి ఉంచు విధము

ఎండు ఇసుకను కుప్పగా పోసినచో దాని వాలు సుమారు 30 నుండి 35 డిగ్రీలకు మించదు. అంతకు మించినచో ఇసుక జారును. ఫ్రెంచి సైనిక ఇంజనీరైన కూలుంబ్, మార్టినిక్ దీవిలో కోట నిర్మించిన అనుభవముతో, 1773లో ఒక వ్యాసము సమర్పించెను. మన్ను జారకుండ నిలుచుటకు రెండు కారణములున్నవని, ఒకటి రేణువుల రాపిడి, రెండవది వాని అంటు అని అందు తెలిపెను. ఎండు ఇసుకకు రాపిడి మాత్రమే కలదు. తడి ఇసుకకు అంటు కూడ కలదు. ఆ అంటు ఎచటినుండి వచ్చుచున్నది?

జవాబునకు పునాది 1805, 1806 సంవత్సరములలో ఇంగ్లండులో యంగ్, ఫ్రాన్సులో లాప్లాస్ వేసిరి. ద్రవముల ఉపరితలము లాగి పట్టిన పొరవలె ప్రవర్తించును. ఆ ఉపరితలము వంగియున్నచో దాని రెండు ప్రక్కల పీడనము సమానముగా ఉండదు. ఈ సంగతిని మట్టిరేణువులకు అన్వయించినవారు సేద్యపు నేలలను పరిశోధించినవారు. 1925లో హెయిన్స్ అను శాస్త్రజ్ఞుడు రెండు రేణువుల నడుమ నిలిచిన నీటిచుక్క వలన కలుగు అంటును లెక్కగట్టెను. మరుసటి సంవత్సరమే, గణాంకశాస్త్రమున విఖ్యాతుడైన ఆర్. ఎ. ఫిషర్ ఆ లెక్కను సవరించెను.

వారు చూపిన చిత్రము ఇది. రెండు రేణువులు తాకుచోట కొద్దిపాటి నీరు వంతెనవలె నిలుచును. ఆ వంతెన ప్రక్కలు లోనికి వంగియుండును. అందువలన లోపలి నీటిలో పీడనము బయటి గాలి పీడనముకంటె తక్కువగును. గాలి రేణువులను ఒకదానివైపు మరొకదానిని నెట్టును. నీటి ఉపరితలపు లాగుడు కూడ దీనికి తోడగును. నీరు ఆరిపోయినచో వంతెన లేదు. ఖాళీలన్నియు నీటితో నిండినచో గాలికి, నీటికి నడుమ ఉపరితలమే లేదు. అంటు ఈ రెండు చివరలను పోవును. పిచ్చుకగూటి రహస్యమంతయు ఇందే ఉన్నది.

అరచేతితో తట్టుట ఎందుకు?

1885లో, బోస్టన్‌లో ఇసుకతోట వెలసిన ఏడే, ఆస్బోర్న్ రెనాల్డ్స్ తీరమున నడచువారందరు చూచు ఒక వింతకు కారణము చెప్పెను. తడి ఇసుకపై అడుగు వేయగనే పాదము చుట్టును ఇసుక ఒక్కక్షణము తెల్లబారి ఎండినట్లగును. బిగువుగా ఒదిగిన రేణువులు కదలవలెనన్న ఒకదానిపై నొకటి ఎక్కవలెను. అట్లు ఎక్కినప్పుడు నడుమ ఖాళీలు పెరిగి, పైనున్న నీరు లోనికి ఇంకును. అనగా బిగువుగా కూరిన ఇసుక ఆకారము మార్చుకొనుటకు ఎదురు తిరుగును. కూరుట వలన కోటకు బలము వచ్చుటకు ఇది ఒక కారణము. రేణువులు దగ్గరపడి, తాకుచోట్లు పెరుగుట మరొక కారణము.

నీటితో నిండిన ఇసుకను అదిరించినచో రేణువులు కొంతసేపు ద్రవమువలె కదలి, సందులలో సర్దుకొనును. తరువాత మిక్కిలి నీరు క్రిందికి ఇంకిపోవును. పుస్తకములు నీరు ధారాళముగా వాడుమనుటకు కారణము ఇదియే: అదనపు నీరు కూరుటకు, మిగిలిన కొంచెము నీరు అంటుటకు. చెరువుకట్ట వేయువారు మన్ను తడిపి దిమ్మిసతో కొట్టుటయు ఇట్టిదే. మన్ను మిక్కిలి బిగువుగా కుదురుటకు తగిన తేమ ఎంతయో కొలుచు పద్ధతిని అమెరికా ఇంజనీరు ప్రోక్టర్ 1933లో ప్రకటించెను. రహదారులకు, మట్టి ఆనకట్టలకు నేటికిని ఆ పరీక్షయే ఆధారము.

ఎంత నీరు? ఎంత ఎత్తు?

1997లో అమెరికాలోని నోటర్‌డాం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పాలిస్టైరీన్ పూసలకు నూనె కలిపి, కంటికి కానరాని పలుచని పొర సైతము కుప్ప వాలును గణనీయముగా పెంచునని చూపిరి. 2004లో ఇంగ్లండులోని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయమునకు చెందిన మాథ్యూ బెన్నెట్ 8 బాల్చీల ఎండు ఇసుకకు 1 బాల్చీ నీరు తగునని చెప్పెను. 2012లో డేనియల్ బాన్, ఆయన సహచరులు దాదాపు నూటికి 1 పాలు ద్రవమే అత్యధిక బలమిచ్చునని కనుగొనిరి.

ఇన్ని అంకెలు చూచి తికమకపడ నక్కరలేదు. 2008లో జర్మనీలోని గోటింగెన్ శాస్త్రజ్ఞులు ఎక్స్‌కిరణములతో తడి పూసల గుట్ట లోపలిని పరిశీలించిరి. నీరు పెరిగినకొలది చిన్న వంతెనలు కలిసి పెద్ద గుంపులగును; అయినను గుట్ట బలము చాలమేరకు మారదు. కావుననే కొలత లేకుండ నీరు పోసిన పిల్లవాని కోట కూడ నిలుచుచున్నది.

2012 నాటి పరిశోధన మూడవ సూత్రమునకును జవాబిచ్చెను. సన్నని ఇసుకస్తంభము తన బరువునకు తానే వంగి కూలును. వెడల్పు రెట్టింపైనచో నిలువగల ఎత్తు 1.6 రెట్లు మాత్రమే పెరుగును. ఎత్తు 4 రెట్లు కావలెనన్న వెడల్పు 8 రెట్లు కావలెను. అడుగు వెడల్పుగా ఉండవలెనన్న మాటకు అర్థము ఇది.

గొయ్యి, తలక్రిందులైన కోట

కోట కూలినచో నష్టము లేదు. కాని తీరమున త్రవ్విన గొయ్యి కూడ ఇసుక గోడలదే. దాని గోడలను నిలుపునది ఆ నీటివంతెనలే. ఎండకు గోడ ఆరినను, అలనీరు నిండినను, అంచున ఎవరైన నిలిచినను అది ఒక్కసారిగా కూలును. ఇసుక బరువు ఛాతీపై పడినచో ఊపిరి ఆడదు. త్రవ్వి తీయబోయినకొలది చుట్టు ఇసుక మరల జారును. 2007లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రిక ఇట్టి ప్రమాదములు 52 లెక్కించి, అందు 31 మంది మరణించిరని తెలిపెను. బాధితులలో ఎక్కువమంది బాలురు.

కావున కోట కట్టుట నేర్పు పుస్తకమునకు అయిదవ సూత్రము ఒకటి అవసరము. తీరరక్షకులు దానిని ఇట్లు చెప్పుదురు: గుంపులో అందరికంటె చిన్నవాని మోకాలి లోతును మించి త్రవ్వరాదు, సొరంగము చేయరాదు, ఇంటికి వెళ్ళునప్పుడు గొయ్యి పూడ్చవలెను. కోటను మాత్రము అట్లే వదలిపెట్టవచ్చును, దాని సంగతి ఆటుపోటులు చూచుకొనును.