బెల్లపు బండి నుండి పార్సెలు దాక

'బీమా' అను మాట పారసీక భాషనుండి వచ్చినది. 'బీమ్' అనగా భయము. మాట పరాయిదే గాని, ఆ భయము ఇందూరు వర్తకునికి పరాయిది కాదు. పసుపు మూటలు, బెల్లపు దిమ్మెలు బండికెత్తి బయలుదేరినవానికి త్రోవలో వాన, వాగు, దొంగ కాచుకొని యుండెడివి.

దీనికి విరుగుడును మన దేశమున పూర్వమే కలదు. మొగలాయిల నాడే షరాబులు కొంత రుసుము పుచ్చుకొని సరకును గమ్యము చేర్చు పూచీ వహించెడివారు. జోఖమీ హుండీ అను మరియొక ఏర్పాటు ఉండెను. సరకు క్షేమముగా చేరిననే ఆ హుండీ చెల్లును. చేరనిచో హుండీ కొన్నవానిదే నష్టము.

రైలు వచ్చిన పిమ్మట రెండు కిరాయిలు ఏర్పడెను. నష్టము సరకుదారునిదే యని వ్రాసియిచ్చినచో కిరాయి తక్కువ. రైలుపై బాధ్యత ఉంచవలెనన్నచో ఎక్కువ. నేటి చిన్న వర్తకుని చిక్కంతయు ఈ రెండు కిరాయిల నడుమనే ఇమిడి యున్నదని మాకు తోచును.

1931లో నిజాంసాగరు పూర్తియైనది. మంజీర నీట చెరకు పెరిగినది. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఎన్నియో దుకాణములు లేచినవి. 2015లో కర్మాగారము మూతపడగా, దానినే నమ్ముకొన్నవారి బేరము పోయినది. అట్టి నష్టము ఏ అగ్ని బీమా పత్రమునను చేరదు.

తెలుగువారికి బీమా క్రొత్త కాదు. 1925లోనే భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా జాతీయమై, 107 కంపెనీలు నాలుగుగా కలిసినవి. తరువాత ప్రైవేటు కంపెనీలును వచ్చినవి.

ఇప్పుడు బోధను ఇల్లాలు ఇంటనే పసుపుపొడి పొట్లములు కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకొనగలదు. ఇంటికి బీమా ఉన్నది గదా యని ఆమె ధైర్యము. కాని ఇంటి పాలసీ సాధారణముగా ఇంటి సామానుకే గాని అమ్మకపు సరకుకు వర్తింపదు.

ఆమెవంటి వారికై 2021 ఏప్రిల్ 1న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అను పాలసీ అమలులోనికి వచ్చినది. ఒకచోట 5 కోట్ల రూపాయలు మించని ఆస్తి గల సంస్థలకు ఇది వర్తించును. అగ్ని, పిడుగు, వరద, అల్లర్లు ఇందు చేరును. ఇందొక మేలు కలదు. పాత పద్ధతిలో లక్ష రూపాయల సరకును యాభై వేలకే బీమా చేసినవానికి ఇరువది వేల నష్టము కలిగిన, పదివేలే ముట్టెడివి. క్రొత్త పాలసీలో విలువ నూటికి 15 వంతులవరకు తగ్గించి చెప్పినను కోత లేదు. ప్రీమియం మిగుల్చుకొనుటకు విలువ తగ్గించి వ్రాయు అలవాటు మనవారిలో ఎంత గట్టిదో చెప్పనక్కరలేదు!

అయినను త్రోవలో పోయిన పార్సెలు, పొడి తిని జబ్బుపడితినని కొనుగోలుదారు వేయు దావా, ఖాతా దోచిన సైబరు దొంగ – ఇవి ఆ పాలసీలో లేవు. రవాణాకు, వస్తు బాధ్యతకు, సైబరు నష్టమునకు వేరువేరు పాలసీలు కొనవలసినదే. కొరియరువారి రసీదు వెనుక సన్నని అక్షరములు చదివినచో, పాత రైలు కాగితమే మరల కనబడును.

మరియొక్క సంగతి. ప్రీమియం ముందుగా అందనిదే పూచీ ఆరంభము కారాదని 1969 నుండి చట్టమున్నది. వాన వెలిసిన పిమ్మట కట్టిన సొమ్ము మొన్న తడిసిన పసుపుకు చెల్లదు.