కార్వ్ అప్

కార్వ్ అప్ ఇంగ్లిషులో ఒక పదబంధ క్రియ. ఒక మొత్తాన్ని ముక్కలు చేసి వాటాలు వేసుకోవడం దీని ప్రధానార్థం. దేశాలు, మార్కెట్లు, కంపెనీలు, దోచిన సొమ్ము వంటివాటి విషయంలో ఎక్కువగా వాడతారు. ‘కార్వ్’ అనగానే మనకు శిల్పి గుర్తొస్తాడు గానీ, ఇక్కడ పని ఉలిది కాదు, కత్తిది. బల్ల మీద పెట్టిన కాల్చిన మాంసాన్ని కోసి వడ్డించడానికి ఇంగ్లిషువాళ్లు వాడే మాట కూడా కార్వే. పాత ఇంగ్లిషులో ‘చెయోర్ఫన్’ అంటే కోయడం. తర్వాత ‘కట్’ ఆ సాధారణార్థాన్ని లాగేసుకోగా, దీనికి ముఖ్యంగా చెక్కడం, మాంసం కోయడం మిగిలాయి.

‘డివైడ్’ అంటే ఉత్త విభజన. కార్వ్ అప్‌లో మాత్రం నింద ఉంటుంది: పంచుకునేవారికి ఆ హక్కు లేదనీ, ముక్కలయ్యేవారిని ఎవరూ అడగలేదనీ సూచన. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772–1795 మధ్య మూడు విడతల్లో పోలెండును పటంలో లేకుండా చేసిన తీరుకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది. ఆఫ్రికా విషయంలోనూ తరచూ వినిపిస్తుంది. 1884–85 బెర్లిన్ సమావేశంలోనే ఆ ఖండాన్ని పంచేసుకున్నారని చెబుతుంటారు. నిజానికి అక్కడ తేలినవి ప్రధానంగా ఆక్రమణ నియమాలు. సరిహద్దుల్లో చాలా భాగం తర్వాతి ఒప్పందాల్లో గీసినవే. ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరన్నది మాత్రం నిజం.

ఈ భావానికి బొమ్మ కావాలంటే జేమ్స్ గిల్రే 1805లో వేసిన వ్యంగ్య చిత్రం చూడాలి. భూగోళం రూపంలో ఉన్న పుడ్డింగు ముందు బ్రిటన్ ప్రధాని పిట్, నెపోలియన్ ఎదురెదురుగా కూర్చుని కోసుకుంటుంటారు. ఒకరికి సముద్రం, ఒకరికి యూరప్.

వ్యాకరణం సులువే. కర్మ నామవాచకమైతే ‘అప్’కు ముందైనా వెనకైనా రావచ్చు, సర్వనామమైతే ‘కార్వ్ ఇట్ అప్’ అని మధ్యలోనే రావాలి. బ్రిటన్ వాడుకలో, దాటి వచ్చి మన కారు ముందుకు అడ్డంగా దూరిన డ్రైవరును తిట్టడానికీ ఇదే మాట. కత్తితో మనిషిని గాయపరచడం మరో వాడుక. ‘కార్వ్-అప్’ నామవాచకంగానూ ఉంది. లోపాయికారీగా పంచుకుతినడం అని అర్థం.

దీన్ని ‘కార్వ్ అవుట్’తో కలిపేయకూడదు. అది పెద్దదానిలోంచి ఒక భాగాన్ని వేరుచేయడం, లేదా శ్రమపడి తనకంటూ స్థానం సంపాదించుకోవడం. 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం, 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణ ఏర్పడిన సంగతిని మన దేశపు ఇంగ్లిషు పత్రికలు సాధారణంగా ‘కార్వ్‌డ్ అవుట్ ఆఫ్’ అనే రాస్తాయి. అదే సంగతికి కార్వ్ అప్ వాడితే రాసినవారు ఒక పక్షం తీసుకున్నట్టే. పరీక్షల్లో ఈ రెండింటినీ పర్యాయపదాలుగా రాయకండి.